రీలు కడిగేదాకా తెలియదు

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. అప్పటికే ప్రధానమంత్రి పదవిలో ఉన్న పి.వి. నరసింహారావు పోటీకి దిగారు. తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. ఆధిక్యం 5 లక్షలు దాటింది. సాక్షాత్తూ ప్రధానే బరిలో ఉండటంతో పత్రికల చూపు కొన్నాళ్లు ఆ ఊరి మీదే నిలిచింది. ఆ రోజుల్లో జిల్లా విలేకరులు రాసిన వార్తలను కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సులో పంపేవాళ్లు. ఫొటో ఉంటే రీలు కూడా అదే బస్సెక్కేది. బొమ్మలో నాయకుడి కళ్లు మూతపడ్డాయో, ఫ్లాష్ వెలగనే లేదో, అవతలి ఊళ్లో ఆ రీలు కడిగేదాకా తీసినవాడికి తెలియదు. తెలిసేసరికి ఇక్కడ సభ ముగిసి షామియానాలు కూడా విప్పేసి ఉంటారు.

రీలు లేని కెమెరా అప్పటికి లేకపోలేదు. అదే ఏడాది మే నెలలో కొడాక్ కంపెనీ పత్రికా ఫొటోగ్రాఫర్ల కోసమే డీసీఎస్ అనే కెమెరాను విడుదల చేసింది. నికాన్ ఎఫ్3 కెమెరాకు వెనకవైపు 13 లక్షల పిక్సెళ్ల సెన్సర్ తగిలించారు. బొమ్మలు దాచే 200 మెగాబైట్ల హార్డ్ డిస్కు, బ్యాటరీలు ఒక పెట్టెలో పెట్టి భుజానికి వేలాడదీసుకోవాలి. ధర 20 వేల డాలర్ల పైమాట. ఆనాటి మారకంలో సుమారు 5 లక్షల రూపాయలు. పీవీ ఆధిక్యంలో ఓటుకో రూపాయి చొప్పున చందా వేస్తే ఒక్క కెమెరా వచ్చేదన్నమాట. ప్రపంచం మొత్తం మీద అమ్ముడైనవి వెయ్యికి లోపే. అరవై దాటాక కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న ఆ అభ్యర్థికి ఇలాంటి యంత్రం చూపిస్తే ముచ్చటపడేవారేమో గానీ, నంద్యాల వీధుల్లోకి అది వచ్చే అవకాశమే లేదు.

2017 ఆగస్టులో నంద్యాలకు మళ్లీ ఉప ఎన్నిక వచ్చింది. ఈసారి అసెంబ్లీ స్థానానికి. రోడ్‌షోలో నాయకుడు చెయ్యెత్తితే, ఆ చెయ్యి దించేలోపే బొమ్మ వాట్సాప్‌లో నాలుగు మండలాలు తిరిగొచ్చేది. ఈ రెండు ఉప ఎన్నికల మధ్య ఉన్న 26 ఏళ్లలో నంద్యాలలో, దక్షిణాన 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆళ్లగడ్డలో, ఫొటో స్టూడియో పెట్టుకున్న ప్రతి ఒక్కరూ ఏదో ఒకనాడు ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది: రీలు వదిలి డిజిటల్‌కు మారాలా, వద్దా?

ఈ మాట ఎత్తగానే ఫిల్ము బొమ్మ బాగుంటుందా, డిజిటల్ బొమ్మ బాగుంటుందా అని వాదన మొదలవుతుంది. నాకు ఆ వాదన మీద పెద్ద ఆసక్తి లేదు. ఎందుకంటే ఆ నిర్ణయాన్ని నడిపింది కెమెరాలో జరిగేది కాదు. బటన్ నొక్కాక జరిగే పనులన్నీ కలిసి నడిపాయి. ముందుగా రీలు సంగతి చూద్దాం.

ఫిల్ము అంటే పలచటి ప్లాస్టిక్ పట్టీ మీద జెలటిన్ పూత. ఆ పూతలో వెండి లవణాల స్ఫటికాలు, ముఖ్యంగా సిల్వర్ బ్రోమైడ్, చెదురుగా ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో వెయ్యో వంతు అటూ ఇటూ. కాంతి కణం తగిలితే స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది. దాన్ని ఒక వెండి అయాను అందుకుని వెండి పరమాణువుగా మారుతుంది. ఇలా ఒకేచోట నాలుగు పరమాణువులు పోగైతే చాలు, ఆ స్ఫటికం కడగడానికి సిద్ధమైనట్టే. ఎలక్ట్రాన్, అయాను కలిసి వెండి అయ్యే ఈ తీరును గర్నీ, మాట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1938లో వివరించారు. కంటికి ఇంకా ఏమీ కనిపించదు. డెవలపర్‌లో ముంచినప్పుడు ఆ నాలుగు పరమాణువుల చుట్టూ ఉన్న స్ఫటికం మొత్తం నల్లటి వెండిగా మారుతుంది. నాలుగు పరమాణువులు వందల కోట్లవుతాయి. కాంతి పెట్టిన చిన్న గుర్తును రసాయనం అంత పెద్దది చేస్తుంది కాబట్టే, బొమ్మ పుట్టేది కెమెరాలో కాదు, డార్క్ రూమ్‌లో.

చిన్న ఊళ్లలో డార్క్ రూమ్ అంటే చాలాచోట్ల మెట్ల కింద గదే. కిటికీ ఉంటే దానికి నల్లకాగితం అతికించి సందుల్లో గుడ్డ కుక్కుతారు. బల్ల మీద మూడు ట్రేలు: డెవలపర్, నీళ్లు, బొమ్మను స్థిరపరిచే హైపో. పైన ఎర్రబల్బు. అదీ ప్రింటు వేసే కాగితానికే. రీలు కడిగేటప్పుడు దాన్నీ ఆర్పి, చేతి తడుములాట మీదే రీలును ట్యాంకులోకి చుట్టాలి. ఫ్యాన్ వేస్తే దుమ్ము లేచి తడి నెగెటివ్ మీద వాలుతుంది. వేయకపోతే చెమట బొట్టు ట్రేలో పడుతుంది.

ఇక నంద్యాల ఎండ. నలుపు తెలుపు డెవలపర్ డబ్బా మీద రాసి ఉండే ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మే నెలలో ఈ ప్రాంతంలో 42, 43 డిగ్రీలు మామూలే. మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెడితే చుర్రుమంటాయి. పది డిగ్రీలు పెరిగితే డెవలపర్ వేగం రమారమి రెట్టింపవుతుంది. 20 డిగ్రీల దగ్గర తొమ్మిది నిమిషాలు పట్టే పని 30 దగ్గర నాలుగున్నర నిమిషాల్లో అయిపోతుంది. తొందరగా అయితే మంచిదేగా అనిపిస్తుంది కానీ, ఐదు నిమిషాల్లోపు కడిగితే రసాయనం అంతటా సమంగా పాకక మరకలు పడతాయి. ఇంకా వేడెక్కితే జెలటిన్ ఉబ్బి మెత్తబడి వేలు తగిలితే చాలు లేచి వస్తుంది. వేడి డెవలపర్‌లోంచి తీసి ఒక్కసారిగా చల్లనీళ్లలో ముంచితే ఆ పూత సన్నగా ముడతలు పడుతుంది. అందుకని ఐస్‌గడ్డలు తెప్పించి పెద్ద బేసిన్‌లో వేసి, ఆ బేసిన్‌లో ట్రే పెట్టి, థర్మామీటరు చూసుకుంటూ కడిగేవాళ్లు. లేదంటే తెల్లవారుజామున లేచి కడిగేవాళ్లు. హైపోకు ఇంత పట్టింపు లేదు. అయితే హైపో తర్వాత నీళ్లలో నానబెట్టే పనిలో బద్ధకిస్తే దాని ఫలితం పదేళ్లకు పసుపు మచ్చలుగా బయటపడుతుంది. తాతల ఫొటోల్లో కనిపించే ఆ పసుపు చాలావరకు వయసు వల్ల కాదు, ఆనాటి నీళ్ల కరువు వల్ల.

రంగుల రీలు కథ వేరు. 1972లో వచ్చిన సి-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి, 3 నిమిషాల 15 సెకన్లు. ఎండాకాలం నంద్యాల ట్యాంకు నీళ్లు ఆ అంకెకు దగ్గరగానే ఉంటాయి! కానీ దగ్గర ఉంటే చాలదు. రంగుల ఫిల్ములో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులకు మూడు పొరలు. డిగ్రీలో ఏడో వంతు తేడా వచ్చినా ఆ మూడూ ఒకే తీరున కడగబడవు, ముఖాలకు రంగు తిరుగుతుంది. కాబట్టి రంగుల రీలును యంత్రమే కడగాలి, యంత్రానికి రోజంతా కరెంటు ఉండాలి. ఇంకో మెలిక కూడా ఉంది. డెవలపర్ గాలి తగిలి పాడవుతుంది. రోజూ చాలినన్ని రీళ్లు కడుగుతూ, వాడిన మేరకు కొత్త మందు కలుపుతూ ఉంటేనే అది నిలకడగా ఉంటుంది. రోజుకు రెండు మూడు రీళ్లు వచ్చే చోట కలర్ ల్యాబు పెడితే లాభం సంగతి తర్వాత, మందే నిలవదు. అందుకే కలర్ ల్యాబులు పెద్ద ఊళ్లలోనే ఉండేవి. చిన్న ఊరి స్టూడియో తన రీళ్లను అక్కడికి పంపుకోవాల్సిందే. పెళ్లి ఆదివారం అయితే, తాళి కట్టిన బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో ఏ బుధవారమో తెలిసేది.

ఈ నడిమి కాలాన్ని స్టూడియోవాళ్లు ఎలా భరించారన్నది ఆలోచించదగ్గ విషయం. ఒకే ఘట్టాన్ని రెండుమూడు సార్లు తీసేవాళ్లు. పెద్ద పెళ్లికి రెండు కెమెరాలు పెట్టుకునేవాళ్లు. తలంబ్రాల దగ్గర అందరినీ ఆపి, కదలవద్దని చెప్పి, పోజు పెట్టించి తీసేవాళ్లు. మన పాత ఆల్బముల్లో అందరూ బిగుసుకుని నిలబడి ఉండటానికి సిగ్గు కొంత, రీలు ఖరీదు మరికొంత కారణం. 36 బొమ్మల రీలు ఐదు కలిపితే 180. పిలిచిన చుట్టాలు అయిదారొందలు. ప్రతి కుటుంబమూ వధూవరుల పక్కన నిలబడాల్సిందే. ఇక్కడే ‘వట్టి ఫ్లాష్’ పుట్టింది: రీలు వృథా చేయకుండా ఫ్లాష్ ఒక్కటి వెలిగించి బంధువులను సంతోషపెట్టి పంపడం. ఈ హాస్యం తెలుగునాట ఏ ఊళ్లోనైనా చెబుతారు. ఫొటోగ్రాఫర్లు మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

పెళ్లి సంగతి ఎలా ఉన్నా, స్టూడియోకు రోజువారీ కూడు పెట్టింది పాస్‌పోర్టు సైజు ఫొటో. హాల్‌టికెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, బ్యాంకు పుస్తకాలు, రేషన్ కార్డులు. ఆ సంభాషణ దాదాపు ఎప్పుడూ ఒకటే.

“అన్నా, రేపే ఆఖరు తేదీ. ఈపొద్దే కావాల ఫొటో.”

“రీలులో ఇంకా ఇరవై బొమ్మలుండాయప్పా. సాయంత్రం ఎంతమంది వస్తారో సూసి కడుగుతా. రేపు పొద్దున్నే రా.”

“రేపు పొద్దున బస్సుకే పోవాల నేను.”

ఇంకా ఇరవై బొమ్మలు మిగిలిన రీలును ఒక్కడి కోసం కడగాలంటే నష్టం. కడగకపోతే గిరాకీ ఎదురు స్టూడియోకు పోతాడు. చేయి తిరిగినవాళ్లు చీకట్లో కెమెరా తెరిచి, తీసినంత మేరకు రీలును కత్తెరతో కోసి, దాన్ని కడిగి, మిగిలిన ముక్కను మళ్లీ ఎక్కించుకునేవాళ్లు. కోతకు రెండు మూడు బొమ్మలు బలి.

ఇప్పుడు ఈ చిన్న ఫొటోకు ఎన్ని పిక్సెళ్లు కావాలో లెక్క వేయండి. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు చాలు. అంటే అడ్డంగా 413, నిలువుగా 531. గుణిస్తే 2 లక్షల 19 వేల చిల్లర. ఒక మెగాపిక్సెల్‌లో నాలుగో వంతు కూడా కాదు! 1991 నాటి ఆ కొడాక్ కెమెరా సెన్సరే దీనికి ఆరు రెట్లు ఎక్కువ. 2003లో కానన్ 300డీ వచ్చింది. లెన్సులు మార్చుకోగల డిజిటల్ కెమెరా వెయ్యి డాలర్ల లోపు దొరకడం అదే మొదలు. దానిలో 63 లక్షల పిక్సెళ్లు. పత్రికల్లో అప్పుడు జోరుగా సాగిన చర్చ, 60 లక్షల పిక్సెళ్లు ఫిల్ముకు సాటి వస్తాయా రావా అని. అంత పెద్ద ప్రశ్న పాస్‌పోర్టు ఫొటోను తాకనే లేదు. అక్కడ డిజిటల్ ఏనాడో గెలిచేసింది. నాలుగంగుళాలు, ఆరంగుళాలు ఉన్న ఒక్క కాగితం మీద ఎనిమిది ఫొటోలు పట్టించి, గిరాకీ బల్ల మీద కూర్చుని ఉండగానే కత్తిరించి ఇవ్వవచ్చు. కళ్లు మూస్తే మళ్లీ తీయవచ్చు. చిన్న స్టూడియోల్లో డిజిటల్ కెమెరా చాలావరకు ఈ దారినే లోపలికి వచ్చింది. పెళ్లిళ్లకు అదే స్టూడియోలో ఇంకొన్నేళ్లు రీలే నడిచింది.

పెళ్లిళ్లలో రీలు నిలదొక్కుకోవడానికి గట్టి కారణమే ఉంది. దాన్ని వాడినవాళ్ల మొండితనం అనుకోకూడదు.

వరుడి తెల్ల పట్టుపంచె మీద మధ్యాహ్నపు ఎండ పడుతోంది, పక్కన వధువు నీడలో ఉంది అనుకుందాం. డిజిటల్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ తన మీద పడిన కాంతికి తగినన్ని ఎలక్ట్రాన్లను పోగేస్తుంది. కాంతి రెట్టింపైతే అవీ రెట్టింపు. కానీ పిక్సెల్ ఒక బిందెలాంటిది. నిండాక పొర్లిపోయిన నీళ్లకు లెక్క ఉండదు. పంచె మీద పడిన ఎండకు ఆ పిక్సెళ్లన్నీ నిండిపోతే, మడతలు, జరీ అంచు, గంధం మరక అన్నీ కలిసి ఒకే తెలుపు. కంప్యూటరులో ఎంత కిందికి దించినా తెలుపు బూడిదరంగు అవుతుందే తప్ప మడత తిరిగి రాదు. నెగెటివ్ అలా కాదు. వెలుగు పెరిగేకొద్దీ అప్పటికే తగిలిన స్ఫటికాలకే మళ్లీ తగులుతూ, కొత్తవి తక్కువ తక్కువగా చేరుతూ, నలుపు మెల్లమెల్లగా ఎక్కుతుంది. ఒక్కసారిగా గోడ తగలదు. రంగుల నెగెటివ్ మీద మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్లు ఎక్కువ వెలుగు పడినా ప్రింటులో పంచె మడతలు దక్కుతాయి. ఫిల్ము మీద తప్పు చేయాలంటే ఎక్కువ వెలుగు వైపు చేయమనీ, డిజిటల్ మీద తక్కువ వెలుగు వైపు చేయమనీ అంటారు. పాతికేళ్లు ఒక వైపు మొగ్గిన చేతిని రెండో వైపు మళ్లించడం తేలిక కాదు. తొలి డిజిటల్ పెళ్లి ఆల్బముల్లో ముఖాలు సున్నం కొట్టినట్టు ఉండటానికి కెమెరా కంటే ఈ అలవాటే ఎక్కువ కారణం.

చీకట్లో తూకం తిరగబడుతుంది. సంక్రాంతి మర్నాడు అహోబిలం నుంచి పార్వేట బయలుదేరుతుంది. నరసింహస్వామి పల్లకి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊరూరా తిరుగుతూ, దాదాపు నలభై రోజులపాటు, తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. పల్లకి ఊళ్లోకి వచ్చేసరికి ఒక్కోసారి పొద్దుపోతుంది. అక్కడ వెలుగు ఒకటి కాదు: ట్యూబులైట్లు, పసుపు బల్బులు, హారతి మంట. ఫిల్ము పగటి వెలుగుకు తూకం వేసి చేసింది. ట్యూబులైట్‌లోని పాదరసపు ఆవిరి వదిలే ఆకుపచ్చ గీతను మన కన్ను పట్టించుకోదు, ఫిల్ము వదిలిపెట్టదు. ముఖాలు పచ్చగా, బల్బు దగ్గరవి కాషాయంగా వస్తాయి. ఫిల్ము కాంతికి ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె ఐఎస్‌వో. ఐఎస్‌వో 100 రీలు ఎక్కించి ఉంటే, అది అయిపోయేదాకా 100తోనే కాపురం. సెన్సర్‌లో ఇది బొమ్మ బొమ్మకూ మారుతుంది, రంగు తూకం కూడా.

దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇంకా సూటిగా ఉంటుంది. ఫిల్ము మీద వాలిన ప్రతి వంద కాంతి కణాల్లో ఒకటో రెండో మాత్రమే బొమ్మకు పనికొస్తాయి. మంచి సెన్సర్ సగానికి పైగా పట్టుకుంటుంది. అందుకే అందరికంటే ముందు ఫిల్మును వదిలింది ఖగోళ శాస్త్రవేత్తలు. హైదరాబాదులోని నిజామియా వేధశాల 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అంతర్జాతీయ నక్షత్ర పటంలో తన వంతుగా, గాజు ఫలకాల మీద తీసిన ఫొటోల నుంచి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఖగోళశాస్త్రంలో అలాంటి గాజు ఫలకాల స్థానాన్ని ఆ తర్వాత సెన్సర్లు ఆక్రమించాయి. నక్షత్రపు వెలుగులో తొంభై ఎనిమిది పాళ్లు పారబోసే పనిముట్టును ఎవరు ఉంచుకుంటారు?

మసక వెలుగులో ఫిల్ముకు ఇంకో రోగం ఉంది. నాలుగు పరమాణువులు పోగవ్వాలన్నాం కదా. మొదటి పరమాణువు ఒంటరిగా ఉంటే ఎక్కువసేపు నిలవదు, మళ్లీ అయానైపోతుంది. రెండో కాంతి కణం ఆలస్యంగా వస్తే లెక్క మొదటికొస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ సెకను దాటితే ఫిల్ము మందగిస్తుంది. కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్ముకు కంపెనీవారే ఇచ్చిన పట్టికలో, వెలుగు కొలిచే మీటరు 10 సెకన్లు చూపిస్తే 50 సెకన్లు ఇవ్వాలని ఉంటుంది. 100 సెకన్లు చూపిస్తే 1200! నంద్యాల జిల్లాలోనే ఉన్న బెలుం గుహల్లో, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ లోకానికి చెప్పిన ఆ మూడు కిలోమీటర్ల పైచిలుకు సొరంగాల్లో, స్టాండు వేసి ఫిల్ముతో బొమ్మ తీయాలంటే ఈ పట్టిక జేబులో ఉండాలి. సెన్సర్‌కు ఈ మందగింపు లేదు. దాని ఇబ్బంది వేడి: ఆరేడు డిగ్రీలు పెరిగినప్పుడల్లా చీకట్లో తానుగా పుట్టే దొంగ ఎలక్ట్రాన్లు రెట్టింపవుతాయి, నల్లటి చోట్ల చుక్కలు తేలతాయి. ఫిల్ముకైనా సెన్సర్‌కైనా నంద్యాల మే నెల మేలు చేసేది కాదు.

ఇక డబ్బు. ఇక్కడ అంకెలు ఊహకోసం వేసుకున్నవే, లెక్క తీరు తెలియడానికి. రీలు, కడగడం కలిపి బొమ్మకు 4 రూపాయలు అనుకుందాం. డిజిటల్ కెమెరా, కంప్యూటరు, యూపీఎస్, ప్రింటరు కలిపి లక్షా 20 వేలు. ప్రింటు ఖర్చు రెండు వైపులా ఉంది, పక్కన పెడదాం. పెట్టుబడి తిరిగి రావడానికి 30 వేల బొమ్మలు కావాలి. పెళ్లికి 180 చొప్పున 167 పెళ్లిళ్లు. ఏడాదికి ముప్పై పెళ్లిళ్లు దొరికే ఆళ్లగడ్డ స్టూడియోకు అయిదున్నరేళ్లు, తొంభై దొరికే నంద్యాల స్టూడియోకు రెండేళ్ల లోపు. అదే ఆళ్లగడ్డవాడి దగ్గర ఉన్న యాషికానో పెంటాక్స్ కె1000నో ఇరవై ఏళ్లయినా పనిచేస్తోంది. కొత్త డిజిటల్ కెమెరా అయిదేళ్లకే పాతబడుతుంది. కాబట్టి 2004లో చిన్న ఊరి స్టూడియో యజమాని ‘ఇప్పుడే వద్దులే’ అనుకుంటే, అతను లెక్క సరిగానే వేశాడు.

లెక్కలోకి రానిది ఒకటుంది. నంద్యాలలాంటి ఊళ్లలో పెద్ద స్టూడియోలు మారిపోయేకొద్దీ కలర్ ల్యాబుకు వచ్చే రీళ్లు తగ్గాయి. రీళ్లు తగ్గితే మందు నిలవదని ఇందాకే అనుకున్నాం. రంగులు తిరిగాయి. చివరిదాకా ఫిల్మునే నమ్ముకున్నవాళ్లకు అన్నిటికంటే చెడ్డ ప్రింట్లు దక్కాయి, నింద ఫిల్ము మీద పడింది. తర్వాత ల్యాబు మూతపడింది. 2006 జనవరిలో నికాన్ తన ఫిల్ము కెమెరాల్లో ఒకటి రెండు మినహా అన్నీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. ఊటీలో మన ప్రభుత్వం 1960లో పెట్టిన, ‘ఇందు’ పేరుతో ఫిల్ములు అమ్మిన హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కూడా నిలవలేదు. ఒంటరిగా కూర్చుని ఎంత బాగా లెక్క వేసుకున్నా, ఫిల్ము అనేది ఒంటరి వ్యాపారం కాదు. పక్కవాళ్లంతా కడిగించుకుంటేనే నీ రీలూ కడగబడుతుంది.

మారాక స్టూడియోకు పోయింది ఇంకొకటి. నెగెటివ్ స్టూడియోలో ఉండేది. కవరు మీద పేరు, నంబరు రాసి రేకు పెట్టెల్లో సర్దేవాళ్లు. పెళ్లయిన పదేళ్లకు కూడా, తండ్రి చనిపోయాడనో ఆల్బం చెదలు పట్టిందనో వచ్చి కాపీ వేయించుకునేవాళ్లు. పెద్దకర్మ నాటికి గోడకు తగిలించే పెద్ద ఫొటో, ఏదో పెళ్లి గుంపు ఫొటోలోంచి ఎన్‌లార్జ్ చేసి ఇచ్చేవాళ్లు. పెన్‌డ్రైవ్‌లో బొమ్మలన్నీ ఇచ్చేశాక ఆ దారి మూసుకుపోయింది. దానికి బదులుగా కంప్యూటరులో పేజీలు కూర్చి అచ్చువేసే కరిజ్మా ఆల్బమూ, ఫొటోషాప్‌లో వధూవరుల వెనక స్విట్జర్లాండూ వచ్చాయి. బాగున్నాయా అని నన్ను అడగవద్దు. ఆళ్లగడ్డ శిల్పులకు మాత్రం ఈ మార్పు నిఖార్సైన లాభం: చెక్కుతున్న విగ్రహం ఏ దశలో ఉందో దూరదేశపు గిరాకీకి ఆ పూటే చూపించవచ్చు.

అయితే బటన్ నొక్కాక జరిగే పని డిజిటల్‌లో మాయం కాలేదు, ముందుకు జరిగింది. ఫిల్ములో కష్టమంతా మొదటి వారంలో ఉండేది, ఆ తర్వాత నెగెటివ్‌ను పట్టించుకోకపోయినా అది అలాగే పడి ఉంటుంది. సరిగ్గా కడిగిన నలుపు తెలుపు నెగెటివ్ వందేళ్లు నిలుస్తుంది. రంగులది అంత కాదు, వేడికి వెలుస్తుంది. డిజిటల్‌లో మొదటి వారం హాయి. కష్టం పదేళ్ల తర్వాత. 2005, 2006 ప్రాంతంలో పెళ్లి ఫొటోలను సీడీలో వేసి ఇచ్చేవాళ్లు. రాసుకునే సీడీలో సమాచారం నిలిచేది ఒక రంగు పొరలో, ఎండకూ వేడికీ అదీ వెలిసిపోతుంది. వెలవకపోయినా దాన్ని పెట్టే చోటు ఇప్పటి ల్యాప్‌టాపుల్లో లేదు. 2009 అక్టోబరులో కర్నూలును వరద ముంచినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆల్బములు నీట మునిగాయి. తడిసిన ప్రింట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తడిసిన నెగెటివ్‌ను ఆరకముందే మంచినీళ్లలో కడిగి దండేనికి తగిలిస్తే బతికే అవకాశం ఉంది, నీళ్లలోనే పుట్టింది కాబట్టి. బురద పట్టిన హార్డ్ డిస్కును బతికించడం నంద్యాలలో అయ్యే పని కాదు.

అందుచేత ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే, కొత్త బొమ్మలు డిజిటల్‌లోనే తీయమంటాను. నాన్నగారి యాషికా బీరువాలో దొరికిందని ఉత్సాహపడే కాలేజీ కుర్రవాళ్లు ఉన్నారు. సరదాకు రెండు రీళ్లు వాడమని చెబుతాను, నలుపు తెలుపువి, అదీ కార్తీకంలో. కడగడం నేర్చుకుంటే రసాయనశాస్త్రం వంటబడుతుంది. ఫిల్ము క్రమశిక్షణ నేర్పుతుందనే మాట నేను నమ్మను. 36 బొమ్మల పరిమితి భయాన్ని నేర్పింది, ఆ భయం ఆల్బములన్నిటిలో నిటారుగా నిలబడి ఉంది.

నెగెటివ్‌లు మాత్రం పారేయకండి. మూతపడిన స్టూడియోలో రేకు పెట్టెలు ఉంటే అవి ఊరి ఆస్తి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించడానికి స్కానరే అక్కర్లేదు. దగ్గరి వస్తువులను తీయగల లెన్సు ఉన్న డిజిటల్ కెమెరా, సమంగా తెల్లటి వెలుగునిచ్చే ఎల్‌ఈడీ పలక, నెగెటివ్‌ను చదునుగా పట్టే అట్ట చాలు. ముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. మెరిసే వైపు కెమెరాకు ఎదురుగా ఉంటే బొమ్మ కుడి ఎడమలు తారుమారు కావు. పలకకూ నెగెటివ్‌కూ మధ్య రెండు మూడు అంగుళాల ఎడం ఇస్తే పలక మీది చుక్కలు బొమ్మలో పడవు. గదిలో మిగతా దీపాలు ఆర్పి, సెన్సర్ పట్టినది పట్టినట్టు దాచే రా ఫైలుగానే తీయాలి. రంగుల నెగెటివ్ మీద కనిపించే నారింజ ఛాయ మరక కాదు. ఫిల్ములోని రంగులు తాము మింగకూడని కాంతిని కూడా కాస్త మింగుతాయి, ఆ లోపాన్ని సరిదిద్దడానికి తయారీలోనే కలిపిన ఛాయ అది. కాబట్టి బొమ్మ లేని అంచు భాగాన్ని కూడా ఒక చోట ఫొటోలో పడనివ్వండి. కంప్యూటరులో ఆ అంచును తెలుపుగా తీసుకుని రంగుల తూకం సరిచేసి, ఆ తర్వాతే బొమ్మను తిరగవేయాలి. ముందు తిరగవేస్తే ముఖాలన్నీ నీలంగా వస్తాయి. కవరు మీది పేరు, నంబరు, తేదీ కూడా ఒక ఫొటో తీసి దాని పక్కనే పెట్టండి, లేకపోతే పదేళ్లకు ఎవరి పెళ్లో ఎవరికీ తెలియదు. మొత్తం రెండు డిస్కుల్లోకి ఎక్కించి ఒకటి నంద్యాలలో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉంచండి. ఏడాదికోసారి రెండూ తెరిచి చూడండి.